పొట్టి కారుకి పొడుగు పిన్ను

కారుని ఓ 40 మిల్లీమీటర్లు కిందికి దించితే మలుపుల్లో నేలకి అతుక్కుపోతుందని కుర్రకారు నమ్మకం. స్విఫ్ట్ కొనడం ఆలస్యం, పొట్టి స్ప్రింగులు వేయించేస్తారు. నమ్మకంలో సగమే నిజం.

చక్రాన్ని చట్రంతో కలిపే కింది ఆర్మ్ చివర బాల్ జాయింటు ఉంటుంది. మన భుజం కీలు లాంటిదే, గిన్నెలో గుండు. కారుని దించగానే ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది. దాంతో, కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్, బరువు కేంద్రం కన్నా ఎక్కువగా కిందికి జారుతుంది. రెండింటికీ ఎడం పెరిగి, ఒరిగే గుణమూ పెరుగుతుంది. గట్టి స్ప్రింగు దాన్ని కప్పిపుచ్చుతుంది, అంతే.

విరుగుడు పొడుగు పిన్ను బాల్ జాయింటు. ఆర్మ్ కొసని మళ్లీ కిందికి నెడుతుంది. అయితే స్టీరింగు టై రాడ్ చివరనీ ఆ మేరకు దించాలి. లేకపోతే గుంతలో పడ్డప్పుడల్లా చక్రం తనంతట తనే తిరగజూస్తుంది. మన రోడ్ల మీద ఆ సరదా కూడానా!

పిన్ను పొడుగు పెరిగితే దాన్ని వంచే బలమూ పెరుగుతుంది. చవక బేరం ఇక్కడ పనికిరాదు. పిన్ను టేపరు నకుల్ రంధ్రంలో కచ్చితంగా కూర్చోవాలి, జాయింటు రిమ్ముకి తగలకూడదు. రబ్బరు బూటు చిరిగితే దుమ్మూ నీళ్లూ చేరి కీలు అరుగుతుంది. అది ఊడిందా, చక్రం పక్కకి మడతపడుతుంది. స్టీరింగు చేతిలో ఉన్నా లేనట్టే. ఆదివారం ట్రాకు మీద తిప్పే కారులోనే సోమవారం అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లేది.

బిగించాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. సర్వీసుకిచ్చినప్పుడల్లా చక్రాన్ని గాల్లోకి లేపి, కడ్డీతో ఆర్మ్‌ని కదిపి చూడమనాలి. జాయింటులో ప్లే కనిపిస్తే, మార్చేదాకా కారు షెడ్డులోనే ఉండాలి.