ఆటోనగర్ టీ బండి దగ్గర

మన పత్రికలో యాత్ర అంటే తిరుపతో, శ్రీశైలమో, తుల్జాపూరో రాస్తుంటారు. నేను రాసే చోటికి గుడీ లేదు, గోపురమూ లేదు. అది బెజవాడ ఆటోనగర్. పోయిన చలికాలం నాలుగు రోజులు అక్కడ ఉండి వచ్చాను.

నేను సోలాపూర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. తాత వరంగల్ దిక్కు నుంచి మగ్గం పని కోసం వచ్చాడు. నాయిన మిల్లులో కార్డింగ్ ఖాతా. నేను పదిహేనేళ్ళకే గ్యారేజీలో చేరి, గుద్దుకున్న బండ్లకు డెంటింగు, పెయింటింగు నేర్చుకున్నా. ఇరవై రెండేళ్ళయింది. చివరి రెండేళ్ళు రాత్రిపూట ఒకటే దగ్గు. ఈల వేసినట్టు ఊపిరి. మిరియాల కషాయం అయింది, సిరప్పులు అయినయి. మా ఆవిడ పిల్లలను పక్క గదిలో పడుకోబెట్టేది.

ఆటోనగర్‌లో పని చేసే మా మేనత్త కొడుకు ఫోన్ చేసి, "ఓసారి వచ్చిపో బావా, ఊరు మారితే తగ్గుద్దేమో" అన్నాడు. రాత్రి సోలాపూర్‌లో కోణార్క్ ఎక్కితే, సికిందరాబాద్, వరంగల్ మీదుగా పొద్దెక్కినాక బెజవాడలో దిగొచ్చు. వరంగల్ స్టేషన్‌లో కిటికీలోంచి చూశా. తాత ఊరు అటెక్కడో ఉంది. మనకు అక్కడ ఇల్లు లేదు, పొలం లేదు. బండి కదిలింది.

ఆటోనగర్ బందరు రోడ్డు మీద ఉంది. 1960ల్లో మొదలైన పేట. ఒక వీధిలో లారీలకు చెక్కబాడీలు కడుతుంటారు, ఇంకో వీధిలో కమాను కట్టలు, ఆ పక్కన రేడియేటర్లు, లేత్ మిషన్లు, సీట్లు కుట్టేవాళ్ళు. పొద్దున ఎనిమిదికల్లా సుత్తెల చప్పుడు మొదలైతుంది. మిల్లు నడిచే రోజుల్లో మన పేట ఎట్లుండేదో నాకు లీలగా గుర్తు. మళ్ళీ అట్లాంటి చప్పుడు అక్కడే విన్నా.

బావ పని చేసే షెడ్డులో ముందుభాగం గుద్దుకున్న కారు ఉంది. డోరు పడట్లేదు. బావ అరగంట కొట్టి చూసి, ఎదురు షెడ్డు పెద్దాయనను కేకేశాడు. ఆయన చేతిలో సుత్తి లేదు, టేపు ఉంది. ఇంజను గదికి అడ్డంగా ఈ మూల నుంచి ఆ మూలకు, మళ్ళీ రెండో వైపు కొలిచాడు. రెండు కొలతలు సమానంగా రావాలి. పన్నెండు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. "తప్పు డోరుది కాదబ్బాయ్, లోపల చట్రం పక్కకి పోయింది. గొలుసు పెట్టి లాగు" అన్నాడు.

ఇంతలో ఒక కుర్రాడు డోరు పక్క స్తంభం మీద గ్యాసు మంట పెట్టబోయాడు. పెద్దాయన గట్టిగా అరిచాడు. కొత్త బండ్లలో ఆ స్తంభం లోపల చాలా గట్టి రకం ఉక్కు ఉంటుంది. ఎర్రగా కాలిస్తే దాని బలం పోతుంది. పైన పుట్టీ పెట్టి రంగు కొడితే కంటికి ఏమీ కనబడదు. మళ్ళీ గుద్దుకున్న నాడు లోపల కూర్చున్నవాళ్ళ పానం మీదికి వస్తుంది. "కంపెనీ కాల్చమని చెప్పకపోతే కాల్చకూడదురా" అని ఆ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని చెప్పాడు. అడిగినందుకు పైసా తీసుకోలేదు. రేపు ఆయన పని ఆగితే బావ పోతాడు. అక్కడ అట్లా నడుస్తుంది.

సాయంత్రం అందరం టీ బండి దగ్గర చేరాం. నాకు దగ్గు తెర వచ్చింది. గ్లాసు పట్టుకోలేకపోయా. పక్కనున్న పాత పెయింటరు ఒకాయన నన్నే చూసి మూడు మాటలు అడిగాడు.

"దగ్గు పని దిగాక, రాత్రిపూట ఎక్కువవుద్దా?"

అవునన్నా.

"పండక్కి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే తగ్గుద్దా?"

దీపావళి సెలవుల్లో హాయిగా పడుకున్న సంగతి అప్పుడు యాదికొచ్చింది.

"క్లియర్ కోట్‌లో హార్డెనర్ కలిపి కొడతావా? మూతికి ఏం కట్టుకుంటావు?"

"రుమాలు" అన్నా.

ఆయన నవ్వలేదు. హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే మందు ఉంటుందట. గన్ను కొట్టినప్పుడు ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోయి కొందరికి ఉబ్బసం తెస్తుంది. రుమాలు దాన్ని ఆపదు. వాసన రాలేదు గదా అని ధైర్యపడటానికీ లేదు. బయటి మంచి గాలి పైపులో వచ్చే మాస్కు, గాలి లాగేసే గది ఉండాలి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, తర్వాత కొంచెం తగిలినా ఊపిరి పట్టేస్తుంది. "నాకు అట్లాగే అయింది. గన్ను వదిలేశా. వీళ్ళే నాకు టింకరింగ్ పని ఇప్పించారు" అని చుట్టూ ఉన్నవాళ్ళను చూపించాడు. డబ్బా మీది పేరు రాసుకొని, డాక్టరుకు పని సంగతి మొత్తం చెప్పమన్నాడు.

ఆ రాత్రి నాయిన యాదికొచ్చాడు. ఐతారం ఇంట్లో బాగుండేవాడు. సోమవారం ఖాతాలో అడుగు పెట్టంగనే ఛాతి బిగుసుకుపోయేది. అది పత్తి దుమ్ము జబ్బని, దానికి బిసినోసిస్ అని పేరుందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కార్డింగ్‌లో అందరికీ దగ్గే, దగ్గు లేనివాడు పనివాడే కాదు అనేవాళ్ళు. నేనూ నా దగ్గును అట్లనే అనుకున్నా గదా.

తిరిగొచ్చి పెద్దాసుపత్రికి పోయి, డబ్బా పేరు చూపించా. డాక్టరు ఊదే గొట్టం ఒకటి ఇచ్చి, పని రోజుల్లో, సెలవు రోజుల్లో పూటకోసారి ఊది అంకెలు రాయమన్నాడు. పని రోజుల్లో అంకె పడిపోయింది. సెలవుల్లో లేచింది. పాత పెయింటరు చెప్పిందే నిజమైంది.

గన్ను వదిలేశా. ఇప్పుడు డెంటింగు ఒక్కటే చేస్తున్నా. మా షెడ్డులో రంగు పని జరిగే రోజు బయట చెట్టు కింద కూర్చొని పని చేసుకుంటా. కూలి తగ్గింది, ఆ మాట దాచను. పెద్దోడి ఫీజుకు ఈసారి చిట్టీ ఎత్తినం. కానీ పిల్లలు మళ్ళీ నా పక్కన పడుకుంటున్నారు.

మన పేటల్లో మిల్లు పోయినంక చాలామంది పిల్లలు గ్యారేజీల్లో చేరిండ్రు. మీ ఇంట్లో గన్ను పట్టే పిల్లవాడు ఉంటే, ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడు ఆ మూడు మాటలు అడగండి. ఐతారం పొద్దున నేను మా సందు మొదట్లో టీ బండి దగ్గరే ఉంటా. వచ్చి కూర్చుంటే నాకు తెలిసింది చెప్తా, మీకు తెలిసింది నేర్చుకుంటా.