వాహనంలో మూషికం

వినాయకుడికి ఎలుక వాహనం. మా పెదపారుపూడిలో వాహనమే ఎలుకకు ఇల్లు. ఈ మాట క్లాసులో చెబితే పిల్లలు నవ్వుతారు. డిసెంబరు నెలలో మా ఊరు వచ్చి ఇళ్ళ ముందున్న కార్ల బానెట్లు ఎత్తి చూస్తే మాత్రం అంత నవ్వు రాదు.

వరి కోతలు అయ్యేదాకా ఎలుకలకు చేలో దేనికీ లోటుండదు. కోత మిషను దిగి మడి ఖాళీ కాగానే అవి తట్టాబుట్టా సర్దుకుని ఊళ్ళోకి వలస వస్తాయి. పొలంలో బుట్టలు పెట్టించి ఎంత పట్టించినా మిగిలేవి మిగులుతూనే ఉంటాయి. సాయంత్రం గుడివాడ నుంచి వచ్చి ఆపిన కారు ఇంజను రాత్రి చాలాసేపు గోరువెచ్చగా ఉంటుంది. గాలి కొట్టదు, వాన పడదు, పిల్లి దూరదు. అంతకంటె మంచి పురిటిగది వాటికెక్కడ దొరుకుతుంది? దానికి తోడు రోడ్డు పొడుగునా ఆరబోసిన ధాన్యం పక్కనుంచి, నూర్పిళ్ళ దుమ్ములోంచి వచ్చిన కారు ఊకా, పొట్టూ, గడ్డిపరకలూ తనంతట తనే మోసుకొచ్చి పెడుతుంది. ఇల్లు కట్టుకోవడానికి సరంజామా కూడా మనమే సమకూర్చినట్లు!

ఆమధ్య కోతల రోజుల్లోనే మా అత్తయ్యగారిని కంటి డాక్టరుకు చూపించడానికి గుడివాడ తీసుకువెడుతున్నాను. దారిలో గడ్డి కాలుతున్న వాసన వచ్చింది. "ఎవరో చేలో గడ్డి తగలబెడుతున్నట్లున్నారు" అన్నారావిడ. అద్దాలన్నీ మూసే ఉన్నాయి. కారు పక్కకు తీసి, ఇంజను ఆపి, ఆవిడను దింపి దూరంగా తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టాను. బానెట్ కింద పొగ కనబడితే చప్పున మూత ఎత్తకూడదు. లోపల నిప్పుంటే గాలి తగిలి మంట లేస్తుంది. పొగ పూర్తిగా అణిగి, ఇంజను చల్లారాక ఎత్తి చూస్తే, పొగ పోయే గొట్టం పక్కన చేతిరుమాలంత గడ్డిగూడు. ఒక అంచు నల్లగా మాడి ఉన్నది. ఇంజను నడుస్తున్నప్పుడు ఆ గొట్టం వేడి వందల డిగ్రీలలో ఉంటుంది. ఎండుగడ్డికి అంత అక్కరలేదు.

ఆ సాయంత్రమే మా ఇంట్లో ఇంజను శుభ్రం చేసే విషయమై సభ జరిగింది. మా మామయ్యగారికి ఎనభై రెండేళ్ళు. ఒకప్పుడు మోటకు బదులు వచ్చిన ఆయిల్ ఇంజనును స్వయంగా విప్పి బిగించిన మనిషి. ఆయన తీర్పు వెంటనే వచ్చింది. "అమ్మాయీ, సీసాడు కిరసనాయిలు పోసి కుంచెతో రుద్ది, మందు కొట్టే పవర్ స్ప్రేయరుతో ఒక్క వాయ కొడితే అద్దంలా ఉంటుంది." ఈ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలో వెలుగుతున్న చుట్ట ఉన్నది.

మామగారితో వాదించడం కోడలికి, ఎంత లెక్చరరయినా, అంత తేలిక కాదు. అందుకని ప్రశ్న వేశాను.

"మామయ్యగారూ, మీ ఆయిల్ ఇంజనుకు తీగలుండేవా?"

"తీగలెందుకు? హ్యాండిలు తిప్పితే కొట్టేది."

"ఈ ఇంజను నిండా తీగలే నండీ."

ఆయన కాసేపు ఆలోచించి చుట్ట ఆర్పారు. నిజానికి ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆ ఇంజను బండ ఇనుము. ఆరుబయట, చల్లారాక, కిరసనాయిలుతో తుడిస్తే దానికేమీ కాలేదు. ఇప్పటి కారులో తీగల మీద ప్లాస్టిక్కు తొడుగులు, రబ్బరు గొట్టాలు, బెల్టులు ఉంటాయి. కిరసనాయిలుకు రబ్బరు ఉబ్బుతుంది. పైగా సుమారు 38 డిగ్రీల వేడి నుంచే అది నిప్పు తగిలితే అంటుకునే ఆవిరి వదులుతుంది. మా ప్రాంతంలో మే నెలలో నీడలోనే 40 దాటే రోజులున్నాయి. పెట్రోలు సంగతి చెప్పనే అక్కరలేదు, అది గడ్డకట్టే చలిలో కూడా అంటుకుంటుంది. ఇక స్ప్రేయరు జోరుకు నీళ్ళు తీగల అతుకుల్లోకి దూరిపోతాయి. ఆ రోజు బాగానే నడిచి, వారం తరువాత నడిరోడ్డున ఆగితే, కారణం ఏ మెకానిక్కు వెతికి పట్టుకోగలడు?

మా వారి ఉద్యోగం బెజవాడలో. కనుక ఈ పని నా చేతి మీదే జరుగుతుంది. ఆదివారం ఉదయం, ముందు రోజు సాయంత్రం నుంచి కదలని కారు మీద మొదలుపెడతాను. వేడి ఇంజను మీద చన్నీళ్ళు పడితే లోహం పగలవచ్చు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తిప్పితే మరిగే నీళ్ళు ముఖాన కొడతాయి. కొన్ని కార్లలో ఇంజను ఆపినా, వేడి తగ్గేదాకా ఫ్యాను తనంతట తనే తిరుగుతుంది. తాళంచెవి ఇంట్లో పెట్టి, పమిట కొంగు నడుముకు బిగించి, గాజులు తీసి పక్కన పెట్టాలి. చీరకట్టుకునే వాళ్ళం మనం ఈ మాట ఒకరికొకరం చెప్పుకోవాలి, మగవాళ్ళు రాసే పుస్తకాల్లో ఇది ఉండదు.

తరువాత బ్యాటరీ మైనస్ తీగ పానాతో వదులుచేసి తీసేస్తాను. ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. బ్యాటరీ కొసల మీద తెల్లగా, పచ్చగా పువ్వు పూసి ఉంటే వంటసోడా కలిపిన నీళ్ళలో పాత టూత్ బ్రష్ ముంచి తోమితే పోతుంది. ఆరాక కాస్త వాజలీను రాయడం మంచిది. బందరులో ఉప్పుగాలికి ఈ పువ్వు తొందరగా పూస్తుందని అక్కడి మా చుట్టాలు అంటారు.

గూడు తీయడం దగ్గర అందరూ తొందరపడతారు. వట్టి చేత్తో లాగి దులిపేస్తారు. అది వద్దు. ఎలుక మూత్రంలో ఉండే సూక్ష్మజీవుల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఎలుక జ్వరం అంటారే, అదే. చేతి మీద చిన్న గాటు చాలు, కంట్లో తుంపర చాలు. జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళ ఎరుపుతో మొదలై ఒక్కొక్కప్పుడు మూత్రపిండాలదాకా వెడుతుంది. వరిచేలలో పని చేసే వాళ్ళకు వచ్చే జబ్బని పేరు. కారు ఉన్నవాళ్ళ ఇంటికి రాదని ఎక్కడా రాసిలేదు. రబ్బరు చేతొడుగులు, ముక్కుకు గుడ్డ ఉండాలి. సీసాల్లో అమ్మే బ్లీచు ఒక పాలుకు పది పాళ్ళ నీళ్ళు కలిపి గూటి మీద మాత్రమే చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి సంచిలోకి తీయాలి. ఆ చోటు మంచినీళ్ళ గుడ్డతో తుడవాలి, లేకపోతే ఇనుము తుప్పు పడుతుంది. పని చేసిన తరువాత పది రోజులకు జ్వరం వచ్చినా డాక్టరుతో ఎలుకల మాట చెప్పడం మరవకండి.

మిగతాది ఇల్లు దులిపినట్లే. పొడి కుంచెతో ఊకా, దుమ్మూ రాల్చాలి. రేడియేటరు రేకులు పల్చన, వాటిని మెల్లగా తాకాలి. ఫ్యూజుల పెట్టె, మెకానిక్కులు డైనమో అనే ఆల్టర్నేటరు, గాలి పీల్చే గొట్టం మూతి, వీటికి పాలిథీన్ సంచులు కట్టాలి. జిడ్డున్న చోట నీటితో కలిసే జిడ్డుమందు రాసి, తడిగుడ్డతో తుడిస్తే నూటికి తొంభైపాళ్ళు పని అయిపోయినట్లే. బకెట్లతో గుమ్మరించడం ఎందుకు? కొత్తరకం కార్లలో నారింజరంగు లావుపాటి తీగలు కనబడితే వాటి జోలికి పోకూడదు. అందులో ప్రాణం తీసే కరెంటుంటుంది. తుడిచిన మురికినీరు మంచినీటి చెరువు వైపు పోకుండా చూడటం ఊళ్ళో ఉండేవాళ్ళ ధర్మం.

కడగకుండా ఆగవలసిన సమయం కూడా ఒకటున్నది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కార్లు బానెట్లదాకా నీళ్ళలో నిలిచాయి. అటువంటి కారును కడిగి చూద్దామనీ, ఒక్కసారి తాళం తిప్పి చూద్దామనీ అనిపిస్తుంది. నీరు గాలిలాగా నొక్కితే నొక్కుకుపోయేది కాదు. సిలిండరులో చేరితే లోపలి కడ్డీ వంగిపోతుంది. దాన్ని లాగించుకుని షెడ్డుకు చేర్చడమే మార్గం.

తుడవడం అయ్యాక బానెట్ ఎత్తి, రెండు గంటలు ఎండకు వదిలేస్తాను. ఈలోగా మామయ్యగారు నులకమంచం మీద కూర్చుని, కట్టిన సంచులు ఎన్ని, విప్పినవి ఎన్ని అని లెక్క చూస్తారు. ఒక్కటి మిగిలినా ఇంజను ముట్టించనివ్వరు. చివర మైనస్ తీగ బిగించి, పది నిమిషాలు నిలబెట్టి నడిపించి, ఎర్రదీపం ఏదీ వెలగడంలేదని చూసుకుని కారును గడ్డివామికి దూరంగా పెట్టిస్తాను. ఆ తరువాత గడియారం సరిచేసుకోవాలి. తీగ తీసినప్పుడల్లా మా కారులో టైము పన్నెండుకు వెళ్ళి కూర్చుంటుంది.