ఏడుగురికి ఒక గది



లూకా సువార్తలో మనిషి తలదాచుకునే చోటుకు మూడు పేర్లు కనిపిస్తాయి. 2వ అధ్యాయంలో యోసేపు మరియలకు స్థలం దొరకని సత్రము. 10వ అధ్యాయంలో మంచి సమరయుడు గాయపడినవాణ్ణి చేర్చిన పూటకూళ్ళవాని యిల్లు. 22వ అధ్యాయంలో ప్రభువు శిష్యులతో పస్కా భుజించిన విడిది గది. తెలుగులో మూడూ వేరు. గ్రీకులో మాత్రం మొదటిదీ మూడోదీ ఒకే మాట, కటాలుమా. పూటకూళ్ళ యింటికి వాడిన మాట పండోకేయోన్. అందరినీ చేర్చుకునే చోటు అని దాని అర్థం.

అందుకే, బేత్లెహేములో నిండిపోయినది డబ్బులిచ్చి దిగే సత్రం కాదు, ఒక ఇంట్లోని చుట్టాల గది అయి ఉండవచ్చని చెప్పే బైబిలు పండితులు ఉన్నారు. ఆ కాలపు పల్లె యిళ్ళు చాలావరకు ఒకే గది. ఎత్తుగా ఉన్న వైపు మనుషులు పడుకునేవారు. పల్లంగా ఉన్న వైపు రాత్రికి పశువులను కట్టేసేవారు. తొట్టి ఆ రెండిటికీ దగ్గర్లోనే ఉండేది. మన ఊళ్ళో పెద్దవాళ్ళకు దీన్ని వివరించక్కర్లేదు. ఒక్క పూరింట్లో పదిమంది పడుకుని, పంచలో గేదె ఊపిరి వింటూ పెరిగినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు.

మొన్న మే నెలలో మేము ఏడుగురం వేలూరులో ఒక లాడ్జి గదిలో తొమ్మిది రోజులు ఉన్నాం. మా అమ్మకు రొమ్ములో గడ్డ కనిపిస్తే ఇక్కడి డాక్టరుగారు వేలూరు తీసుకెళ్ళమన్నారు. ఇద్దరం వెళ్తే సరిపోయేది. కానీ పిల్లలకు సెలవులు, ముగ్గురినీ చూసుకునే వాళ్ళు ఇక్కడ లేరు. పైగా అమ్మ ఒక్కటే మాట అంది: "పిల్లలు లేకుండా నేను రాను నాయనా. నాకు మందు వాళ్ళే." తమిళ ఊళ్ళో పరుగులు పెట్టడానికి తమ్ముడు తోడు వచ్చాడు. చీరాలలో రాత్రి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున్నే కాట్పాడిలో దిగాం.

ఆటో అతను మంచివాడు. తెలుగు వచ్చు. మమ్మల్ని లెక్కపెట్టుకుని ఒక ఉపాయం చెప్పాడు. "సార్, గదికి ముగ్గురే రూలు. మీరు ముగ్గురు ముందు దిగండి. మిగతావాళ్ళు టీ తాగి, సాయంత్రం లోపు ఒక్కొక్కరే వెళ్తే ఎవరూ అడగరు. అందరూ చేసే పనే." మా ఆవిడ మా వంక చూసింది. పెద్దపాప కూడా చూసింది. దానికి పదమూడేళ్ళు. ఇప్పుడు నాన్న ఏమంటాడో అని చూసే వయసు.

లాడ్జి బల్ల దగ్గర మేనేజరు అడగకముందే ఏడుగురం అని చెప్పాం. ఆయన పెన్ను కింద పెట్టేశాడు. రెండు గదులు తీసుకోమన్నాడు. గది రోజుకు 900 రూపాయలు. రెండు గదులంటే 1800. ఎన్ని రోజులు ఉండాలో తెలియని ప్రయాణం అది. పేషెంటు మా అమ్మ అని, రెండో గది తాకతు లేదని, కింద పడుకోవడం మాకు అలవాటేనని చెప్పాం. ఆయన అమ్మ వంక చూసి, లోపలికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. ముగ్గురు పోను తక్కిన నలుగురికి తలకు వంద చొప్పున ఇవ్వమన్నాడు. మొత్తం 1300. ఏడుగురి ఆధార్ కాయితాలు తీసుకుని, ఏడు పేర్లూ రిజిస్టరులో రాశాడు.

యోసేపు కూడా పేరు రాయించుకోవడానికే బేత్లెహేముకు వెళ్ళాడు. ఆ ప్రయాణమే జనసంఖ్య కోసం. మనం దొంగచాటుగా ఉన్న చోట నిప్పు అంటుకుంటే, లోపల ఎంతమంది ఉన్నారని అడిగినప్పుడు చెప్పేవాడు ఉండడు. పేరు రాసి ఉన్న బిడ్డను వెతుకుతారు. రోజూ నాలుగు వందలు ఎక్కువ కట్టి మేము కొనుక్కున్నది అది. ఇంకొకటి కూడా ఉంది. తొమ్మిది రోజులూ మా పిల్లలు మెట్ల మీద తల దించుకోకుండా తిరిగారు.

గది పన్నెండడుగులకు పది. డబుల్ కాట్ ఒకటి, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి, గోడకు ప్లగ్ పాయింటు ఒకటి. మొదటి గంట అందరం నిలబడే ఉన్నాం, ఎక్కడ కూర్చోవాలో తెలియక. సంచులన్నీ మంచం కిందికి తోసింది మా ఆవిడే. "నేల ఖాళీ అయితే ఇల్లే ఖాళీ అయినట్టు," అంది. అమ్మను బాత్రూము వైపు అంచున పడుకోబెట్టాం, రాత్రి లేస్తే ఎవరినీ దాటక్కర్లేకుండా. పక్కన పెద్దపాప, తర్వాత మా ఆవిడ, గోడ వైపు చిన్నోడు. కింద చాప మీద మేము, తమ్ముడు, నడిమివాడు. తలలు తలుపు వైపు, కాళ్ళు మంచం కిందికి. బాత్రూముకు తెల్లవారుజామున నాలుగింటికి వరుస మొదలు. ఓపీకి వెళ్ళే అమ్మ ముందు, ఏ పనీ లేని మగపిల్లలు చివర. ప్లగ్గులో మొదటి హక్కు అమ్మ వేణ్ణీళ్ళ కెటిల్‌ది, తర్వాతే ఫోన్లు.

రెండో రాత్రి పదకొండు దాటాక తలుపు చప్పుడైంది.

ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. తెరవాలంటే సగం చాప చుట్టాలి. చాప చుట్టాలంటే ముగ్గురు లేవాలి. నడిమివాడిని లేపితే వాడు లైటు వేయమంటాడు, లైటు వేస్తే చిన్నోడు ఏడుస్తాడు, వాడు ఏడిస్తే అప్పుడే కన్నంటుకున్న అమ్మ లేస్తుంది. చీకట్లో పడుకుని ఇదంతా లెక్క వేసుకుంటుంటే మాకు లూకా 11వ అధ్యాయం గుర్తొచ్చింది. అర్ధరాత్రి స్నేహితుడు మూడు రొట్టెల కోసం వస్తాడు. లోపలివాడు తలుపు వేసి ఉందంటాడు, పిల్లలు తనతో పాటు పడుకుని ఉన్నారంటాడు. ఇన్నేళ్ళు ఆ మనిషిని బద్ధకస్తుడిగానే ప్రసంగాల్లో వింటూ వచ్చాం. ఒకే గదిలో ఏడుగురు పడుకున్నాక తెలిసింది. అతను చెప్పింది సాకు కాదు. నిజమే చెప్పాడు. అతనొక్కడు లేవాలంటే ఇల్లంతా లేవాలి.

ఇంతలో తమ్ముడు లేచాడు. చాప చుట్టాడు. బయట పక్క గది ఆయన, బెంగాలు నుంచి వచ్చినవాడు. చేతిలో ఖాళీ ఫ్లాస్కు. ఆయన భార్యకు మందు ఎక్కించాక చలి జ్వరం. మాట కలవలేదు గానీ ఫ్లాస్కు చూస్తే అర్థమైంది. మా కెటిల్ సాయంత్రం ఆయన చూసి ఉంటాడు. లైటు వేశాం. చిన్నోడు ఏడ్చాడు. అమ్మ లేచింది. అనుకున్నదంతా జరిగింది. అయినా నీళ్ళు కాగేవరకు అందరం మేలుకునే ఉన్నాం, ఆయన్ను మా ఒక్క కుర్చీలో కూర్చోబెట్టి. మర్నాడు ఆయన ఒక పొట్లంలో మరమరాలు తెచ్చి పిల్లలకిచ్చాడు.

ఆ ఉపమానంలో స్నేహితుడు సిగ్గుమాలి అడుగుతాడని రాసి ఉంది. మనవాళ్ళ అవసరం ముందు సిగ్గు నిలవదు. పరాయి ఊళ్ళో, భాష రాని చోట, అర్ధరాత్రి ఆయన తట్టాడు. మంచి అవసరం కోసం తలుపు తట్టేవాడికి సిగ్గు లేకపోవడం పాపం కాదని ప్రభువే చెప్పినట్టు అయింది.

మేము వెళ్ళిన ఆసుపత్రి పుట్టింది కూడా రాత్రిపూట తలుపు చప్పుడు వల్లే. ఐడా స్కడర్ అమెరికా మిషనరీల బిడ్డ, 1870లో పుట్టింది. తనకు మిషనరీ జీవితం వద్దనుకున్న అమ్మాయి. తిండివనంలో తల్లిదండ్రుల దగ్గర ఉండగా ఒకే రాత్రి ముగ్గురు వచ్చారు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టంలో ఉన్నారు. డాక్టరైన ఆమె తండ్రి వస్తానన్నాడు, మగ డాక్టరు వద్దన్నారు వాళ్ళు. ఆడ డాక్టరు లేదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె వెళ్ళి వైద్యం చదువుకుని తిరిగి వచ్చింది. 1900లో వేలూరులో ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. ఈ రోజు దేశం నలుమూలల నుంచి వచ్చేవాళ్ళతో ఆ వీధులు నిండి ఉంటాయి. లాడ్జి బోర్డుల మీద తమిళంతో పాటు బెంగాలీ, హిందీ, తెలుగు కనిపిస్తాయి. ఒక్క మంచానికి అంత చోటు ఉంది.

ఒకే గదికి ఇంకో గుణం ఉంది ప్రియులారా. అందులో దేన్నీ దాచలేం. ఇంటి దగ్గరైతే అమ్మ పెరట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంటుంది. మేము మందిరంలోకి వెళ్తాం. మా ఆవిడ పొయ్యి ముందు కూర్చుంటుంది. ఎవరి ఏడుపుకు వాళ్ళకొక మూల ఉంది. అక్కడ మూల లేదు. ముక్క పరీక్షకు పంపి, ఫలితం కోసం ఎదురుచూసిన రోజుల్లో, పిల్లలకు ఏమీ తెలియనివ్వొద్దని అమ్మ మా దగ్గర మాట తీసుకుంది. మేము మెట్ల దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. ఆరో రాత్రి లైటు ఆర్పి ప్రార్థన చేసుకుంటుండగా, అమ్మ పక్కనున్న పెద్దపాప చీకట్లో అడిగింది.

"నాయనమ్మా, నీకు క్యాన్సరా?"

ఎవరూ కదల్లేదు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మేము నోరు తెరిచేలోపు అమ్మే అంది.

"అయుండొచ్చమ్మా. రేపు తెలుస్తుంది. భయంగానే ఉంది నాకు. నువ్వు ఇటు తిరిగి పడుకో."

పాప ఇటు తిరిగింది. చిన్నోడు మా ఆవిడ మీదుగా పాక్కుంటూ వచ్చి ఇద్దరి మధ్యలో దూరాడు. ఇరవై ఏళ్ళ పైన పరిచర్యలో ఎన్నో మరణశయ్యల దగ్గర ఆదరణ వాక్యాలు చెప్పాం. ఆ రాత్రి మేము చెప్పవలసింది ఏమీ మిగల్లేదు. భయంగా ఉందని ఒప్పుకున్న మనిషి చెయ్యి పట్టుకోవడం పిల్లలకు తెలిసిపోయింది. గెత్సేమనేలో ప్రభువు కూడా తన ప్రాణం దుఃఖంలో మునిగి ఉందని ముగ్గురు శిష్యులకు చెప్పుకున్నాడు. దగ్గర ఉండమన్నాడు. దాచుకోలేదు.

మర్నాడు ఫలితం వచ్చింది. క్యాన్సరే. అమ్మకు ఇప్పుడు చికిత్స జరుగుతోంది. మూడు వారాలకొకసారి వెళ్తున్నాం. జుట్టు ఊడింది. మనవరాలే తలకు గుడ్డ కడుతోంది. స్వస్థత సాక్ష్యం చెప్పే రోజు ఇంకా రాలేదు, దాని కోసం మీరు మోకరిస్తున్నారని మాకు తెలుసు. ఈ లోపు చెప్పుకోదగిన సాక్ష్యం ఇది: భయపడిన రాత్రి మేము ఏడుగురం ఒకరికొకరం చేతికందే దూరంలో ఉన్నాం. రెండు గదుల డబ్బు మా దగ్గర ఉండి ఉంటే అలా ఉండేవాళ్ళం కాదు.

రెండవ రాజులు 4వ అధ్యాయంలో షూనేము ఊరి స్త్రీ దైవజనుడి కోసం మేడ మీద చిన్న గది కట్టించింది. అందులో పెట్టినవి నాలుగే: మంచము, బల్ల, పీట, దీపము. దారిన పోయేవాడికి ఏం కావాలో ఆమె ఆలోచించింది. మనం గది కట్టలేం గానీ సంచి కట్టగలం. మందిరంలో మైకు సెట్టు పక్కన ఒక సంచి సిద్ధం చేశాం. రెండు చాపలు, ఒక కెటిల్, పొడుగు వైరున్న ప్లగ్ బోర్డు, బట్టలు ఆరేసే నైలాను తాడు, ఒక ఫ్లాస్కు. ఆధార్ జిరాక్సులు పెట్టుకోవడానికి కవరు. తెలుగులో ఓపీ దారి రాసిన కాయితం తమ్ముడు రాసిపెట్టాడు. మన ఊరి నుంచి ఏ ఇంటివాళ్ళు ఆసుపత్రి ప్రయాణం పెట్టుకున్నా, మన సంఘం వాళ్ళు కాకపోయినా, రాత్రి ఎన్నింటికైనా వచ్చి మా తలుపు తట్టి సంచి తీసుకెళ్ళవచ్చు. మా ఇంటి తలుపు బయటికే తెరుచుకుంటుంది, ఎవరూ మొహమాటపడొద్దు.

ప్రార్థన చేద్దాం. తల వాల్చుకోవడానికి చోటు లేకుండా మా మధ్య తిరిగిన ప్రభువా, ఈ రాత్రి ఆసుపత్రుల చుట్టూ ఇరుకు గదుల్లో, వరండాల్లో, చెట్ల కింద పడుకున్న కుటుంబాలను జ్ఞాపకం చేసుకో. మా ఇళ్ళు పెద్దవైనా మా మధ్య దూరం పెరగనివ్వకు. తట్టినవాడికి తెరిచే ఓపిక మాకు దయచేయి. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.