బీల ఒడ్డున కాగితం చదువు

స్టేషన్ బోర్డు మీద సోంపేట అని ఉంటుంది గానీ, దిగేది కంచిలిలో. ఆ సంగతి తెలియక ఊరెక్కడా అని కాసేపు దిక్కులు చూశాను. ఆటో అబ్బాయి నా చేతిసంచి చూసి, "బీల మీటింగుకా సార్? ఇంకా ముందుకెళ్లాల" అన్నాడు. దారిలో కొబ్బరి, జీడిమామిడి. పడమట మహేంద్రగిరి మబ్బులా మసగ్గా ఉంది. తిత్లీ తుఫానుకు తలలు తెగిన కొబ్బరిచెట్లు కొన్ని మొండిగా అలాగే నిలబడి ఉన్నాయి. 2018 అక్టోబరులో వచ్చిన ఆ తుఫాను ఈ ఉద్దానం ప్రాంతం మీద వేసిన గుర్తులు ఇప్పట్లో చెరిగేవి కావు.

నేను వెళ్లింది రెండు రోజుల శిక్షణ చూడ్డానికి. పల్లెల్లో పర్యావరణం కోసం పనిచేసే చిన్న చిన్న సంఘాల వాళ్లకు కాగితాలు చదవడం, అర్జీలు రాయడం, ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడటం నేర్పుతున్నారని విన్నాను. నిజం చెప్పాలంటే పెద్దగా ఆశ లేకుండానే బయల్దేరాను. 'సామర్థ్యాల పెంపు', 'అవగాహన సదస్సు' అని ఫ్లెక్సీ కట్టి, మధ్యాహ్నం భోజనం పెట్టి, గ్రూప్ ఫొటో దిగి పంపించేసిన కార్యక్రమాలు చాలా చూశాను. పైగా ఒక ప్రశ్న వదల్లేదు. దేశమంతా చెప్పుకున్న పోరాటం చేసి గెలిచిన ఊళ్లు ఇవి. వీళ్లకు ఇంకొకరు నేర్పేదేముంది?

ఆ పోరాటం సంగతి మరిచిపోయిన వాళ్ల కోసం నాలుగు మాటలు. ఇక్కడి మంచినీటి చిత్తడి నేలను బీల అంటారు. వానాకాలం గెడ్డల నీళ్లన్నీ దిగి బీల నిండుతుంది. చుట్టుపక్కల ఊళ్ల వరికి నీళ్లు, జాలర్లకు చేపలు, పశువులకు మేత దాన్నుంచే. ఆ నేల మీద 1,980 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి 2009 డిసెంబరులో కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చింది. జనం అడ్డం తిరిగారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అన్న సంగతి అక్కడ తేలింది.

బయటివాళ్లకు గుర్తున్నది కాల్పులు, ఏళ్ల తరబడి సాగిన రిలే నిరాహార దీక్షలు. ఢిల్లీ దాకా వెళ్లిన కాగితాల కట్ట గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఒకప్పుడు కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా చేసిన ఇ.ఎ.ఎస్. శర్మ లాంటివాళ్లు ఈ ఊళ్లకు అండగా నిలిచారు. అలాంటి తోడు ప్రతి ఊరికీ దొరకదు. దొరకని ఊళ్ల వాళ్లే ఈ శిక్షణకు ఎక్కువగా వచ్చారు.

తుఫాను షెల్టరు మేడ మీద చాపలు వేశారు. ఇరవై ఏడు మంది. క్వారీ దుమ్ముతో తంటాలు పడుతున్న ఊరి నుంచి నలుగురు, రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు పొలాల్లోకి ఊరుతున్న ఊరి నుంచి డ్వాక్రా ఆడవాళ్లు ఆరుగురు, డిగ్రీ చదివి ఊళ్లోనే ఉన్న కుర్రాళ్లు కొందరు, మిగతావాళ్లు బీల చుట్టుపక్కల వాళ్లే. నేర్పే ఆయన విశాఖలో వకీలు. అందరూ మాస్టారనే పిలిచారు.

మొదటి పూట నా అనుమానమే నిజమయ్యేలా ఉంది. మాస్టారు ప్రొజెక్టరు పెట్టి చట్టాల పేర్లు చదవడం మొదలెట్టారు. 1986 చట్టం, 2006 నోటిఫికేషన్, 2010 హరిత ట్రిబ్యునల్ చట్టం. వెనక వరసలో ఒకాయన గోడకు ఆనుకుని నిద్రపోయాడు. పదిన్నరకు కరెంటు పోయింది. అదే ఆ రోజుకు మేలు చేసింది.

తెర ఆరిపోయాక మాస్టారు చాక్‌పీసు తీసి నేల మీద పన్నెండు గళ్లు గీశారు. పక్కన చింతపిక్కల గుట్ట పోశారు. బీలలో ఏ నెల ఎన్ని నీళ్లుంటాయో పిక్కలతో చూపించమన్నారు. ఒక ముసలమ్మ లేచి, "నెలలంటే ఏ నెలలు బాబూ? మాకు జనవరి గినవరి తెలవదు" అంది. గళ్ల మీద చైత్రం, వైశాఖం అని మళ్లీ రాశారు. ఆషాఢం గడిలో ఆమె నాలుగు పిక్కలేసింది. జాలరి ఒకాయన అడ్డొచ్చి, నీళ్లు దిగడం అప్పుడు మొదలైనా చేప ఎక్కేది శ్రావణంలోనే అన్నాడు. రైతు ఒకాయన కార్తీకం గడి చూపించి, అప్పటికీ నిండుగానే ఉంటుంది, నాట్లప్పుడు కాదు, కోతలప్పుడే నీళ్లతో తగువు అన్నాడు. గంటన్నర వాదన. నిద్రపోయినాయన లేచి వచ్చి ఫాల్గుణం గడిలో పిక్కలు తగ్గించాడు.

అప్పుడు మాస్టారు అసలు సంగతి చెప్పారు. చాలా ప్రాజెక్టుల పర్యావరణ నివేదికల కోసం గాలి, నీరు, నేల వివరాలు ఒక్క సీజనులో సేకరిస్తే సరిపోతుంది. ఆ సీజను వానాకాలం కాకూడదు. చుట్టూ పది కిలోమీటర్లు తిరుగుతారు, మూడు నెలలు కొలుస్తారు. ముసలమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఏటి బాబూ, పగలొచ్చి సూసి, ఈళ్లు నిద్దరోరని రాసినట్టుంది!"

షెల్టరంతా నవ్వింది. నాకు మాత్రం సాయంత్రం దాకా ఆ మాట గుచ్చుతూనే ఉంది. ఎందుకంటే వచ్చేటప్పుడు ఆటోలోంచి బీల అంచు చూశాను. వేసవి చివర. నీళ్లు వెనక్కి పోయి, పసుపు గడ్డి, పగుళ్లు, నాలుగు గేదెలు. నా నోటు పుస్తకంలో 'బీడు' అనే రాసుకున్నాను.

మధ్యాహ్నం చింతపిక్కల్ని కాగితం మీదకు ఎక్కించే పని. అక్కడే తెలిసింది కష్టం. కార్తీకాన్ని నవంబరు చేయాలి, కొన్నేళ్లు అధిక మాసం వచ్చి లెక్క జరుగుతుంది. 'మా తాత కాలం నుంచీ' అనే మాట కాగితంలో నిలవదు. ఏ సర్వే నంబరు, ఎవరు చూశారు, ఏ తేదీ అని కావాలి. ఫొటోలు ఎలా దాచాలో ఒక కుర్రాడు చెప్పాడు. మామూలుగా వాట్సాప్‌లో పంపితే ఫొటోలోంచి తేదీ, చోటు వివరాలు ఊడిపోతాయట; డాక్యుమెంటుగా పంపాలి. ఈ ఒక్క ముక్క తెలియక క్వారీ ఊరివాళ్ల రెండేళ్ల ఫొటోలు ఇప్పుడు ఎప్పటివో చెప్పలేని బొమ్మలైపోయాయి. పాత ఫోను కూడా అమ్మేశారు.

సమాచార హక్కు అర్జీలు రాయించినప్పుడు అందరూ ఒకే తప్పు చేశారు. 'మా చెరువు ఎందుకు పూడ్చారు?' 'మా ఊరికి ఎందుకు అన్యాయం చేశారు?' మాస్టారు ఒక్కొక్కటీ తీసి చదివి, ఎర్ర పెన్నుతో 'ఎందుకు' కొట్టేశారు. "మనసులో ఎంతైనా అడుక్కోండి. కాగితం మీద మాత్రం ఎందుకు అని అడక్కండి. ఏ ఫైలు ఉంది, ఎవరి సంతకం, ఏ తేదీ, దాని నకలు ఇవ్వండి అని అడగండి." ఆఫీసులో ఉన్న రికార్డు ఇవ్వడమే ఆ చట్టం పని, సంజాయిషీ చెప్పించడం కాదు. ఆంధ్రాలో ఊరి స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు 30 రోజులు. ఇవన్నీ తెలిసినవే అనిపిస్తాయి గానీ, మూడుసార్లు తిరగరాశాక గానీ ఒక్క అర్జీ కుదరలేదు. కోపాన్ని అణుచుకుని చల్లగా రాయడం చిన్న విద్య కాదు. ఆ పని నాకూ సరిగ్గా చేతకాదు.

రెండో రోజు ఉత్తుత్తి ప్రజాభిప్రాయ సేకరణ. ప్లాస్టిక్ కుర్చీ వేసి డ్వాక్రా లీడరును కలెక్టరుగా కూర్చోబెట్టారు. కంపెనీ మనిషిగా ఒక కుర్రాడు ఎంత బాగా చేశాడంటే, ఉద్యోగాలు, రోడ్లు, ఆసుపత్రి అని వరసగా వల్లిస్తుంటే వాళ్ల ఊరివాళ్లే, "ఒరే, నువ్వు ఎటువైపురా?" అని కేకలేశారు. మొదటి రౌండులో మైకు దొరికినవాళ్లంతా ఉపన్యాసాలిచ్చారు. ఆడవాళ్లకు మైకు రాలేదు. టైం అయిపోయిందని 'కలెక్టరు' లేచిపోయింది. అందరికీ అదే పెద్ద పాఠం.

అప్పుడు మాస్టారు ఆపి ఒక్కొక్కటీ విప్పి చెప్పారు. సభకు 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు రావాలి. నివేదిక కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో, ఇంకా కొన్ని చోట్ల చూడ్డానికి ఉండాలి, సారాంశం తెలుగులో ఉండాలి. ఇంతమంది వస్తేనే సభ అన్న లెక్క లేదు, పదిమందితోనైనా జరిగిపోతుంది. అంతా వీడియో తీయాలి. చివర్లో, జనం భోజనాలకు లేచిపోయే వేళ, మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి. అప్పటిదాకా కూర్చునే ఇద్దరిని ముందే అనుకోవాలి. నోటితో చెప్పిందే రాసి కూడా ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోవాలి. రెండో రౌండులో క్వారీ ఊరి ఆయన దుమ్ము గురించి ఉపన్యాసం మానేసి, బడి గంట ఎన్నింటికి, పేలుడు ఎన్నింటికి అని రెండు అంకెలు చెప్పి కూర్చున్నాడు. ఆ పూటకు అంతకంటే గట్టి మాట ఎవరూ చెప్పలేదు.

ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. రెండు రోజుల్లో కుక్కిన చట్టాలు సగం తగ్గించి, రాయించడం ఇంకో పూట పెంచాల్సింది. వచ్చినవాళ్లలో చాలామంది కూలి మానుకుని వచ్చారు. ఆ కూలి ఎవరిస్తారన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఉద్యమం చేసేవాళ్ల సమయానికి ఖరీదు లేదన్నట్టుగా ఉంటుంది ఎక్కడికెళ్లినా.

సాయంత్రం బీల గట్టు మీద నడిచాం. నాతోపాటు వచ్చిన పెద్దాయన అప్పట్లో దీక్షా శిబిరంలో కూర్చున్నవాడు, కేసు మోసినవాడు. "నిరాహారదీక్ష ఎలా సెయ్యాలో మాకెవులూ సెప్పక్కర్నేదు. వాయిదాలకు ఎలా తిరగాలో కూడా" అన్నాడు. మరి ఎందుకొచ్చారని అడిగాను. ఎండిన గడ్డి మీద చెప్పులు దులిపి, ఆయన సొంత ఊరి సంఘం సంగతి చెప్పాడు. కాగితాలన్నీ ఒకాయన దగ్గరే ఉండేవి, రెక్సిన్ సంచీలో. ఆ సంచీ ఎక్కడుంటే సంఘం అక్కడే. తిత్లీకి ఆయన ఇంటి రేకులు లేచిపోయాయి, సంచీ తడిసి ముద్దయింది. ఆయనా తర్వాత కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. "గెలిసినాం గదా, ఇంకేటి కాయితాలు అనుకున్నాం. ఇప్పుడు మా మనవడు అడిగితే సూపించడానికి ఒక్క ముక్క నేదు."

నా ప్రశ్నకు జవాబు నాకు గట్టు మీద దొరికింది. మనుషులు నేర్చుకున్నారు, సంఘం నేర్చుకోలేదు.

ముగింపు సభలో మాస్టారు పనుల పట్టీ రాయించారు. అనుమతి వస్తే కంపెనీ ఏడు రోజుల్లో రెండు స్థానిక పత్రికల్లో, అందులో ఒకటి తెలుగులో, ప్రకటన వేయాలి. ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60. ఆ తర్వాత తలుపు మూసేస్తారు. మనకు బెంచి చెన్నైలో. కాబట్టి రోజూ పేపరు ఆఖరి పేజీల్లో చిన్నక్షరాల ప్రకటనలు చదివే మనిషి ఒకరు ఉండాలి. ఎవరూ చెయ్యెత్తలేదు. చివరకు డ్వాక్రా నుంచి వచ్చిన ఒకామె, టీకొట్టు నడుపుతుందట, "పేపరు మా కొట్టుకే వొస్తది" అని ఒప్పుకుంది.

సంఘం కాగితాల ఫైలు ఎక్కడ పెట్టాలన్న దగ్గర మళ్లీ గొడవ. సర్పంచి ఇంట్లో వద్దు, పార్టీ మారితే పోతుంది. బడిలో వద్దు, హెడ్మాస్టరు బదిలీ అవుతాడు. డ్వాక్రా గ్రూపు ఇనుప పెట్టె ఖాయమైంది, రెండు తాళంచెవులతో. ఒకటి టీకొట్టు ఆమెకు. రెండోది పెద్దాయన తీసుకోబోతే, "నీకొద్దు తాతా, నువ్వు మళ్లీ జైలుకెల్తావు" అని కంపెనీ వేషం వేసిన కుర్రాడు లాక్కుని జేబులో వేసుకున్నాడు. పెద్దాయన వాడి జేబు వంక కాసేపు చూసి, మొలతాడుకు కట్టుకోరా, జేబులోంచి జారిపోతది అన్నాడు.