గట్టు దారి

గోదావరి జిల్లాల్లో ‘గ్రావెల్’ అనే మాట ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. పొలాల డొంకలో ట్రాక్టర్లతో ఎర్రమట్టి తోలించి, పైన రోలరు తిప్పితే అది గ్రావెల్ రోడ్డు. తారు రోడ్డు వచ్చేదాకా సర్దుకుపోయే రోడ్డు అన్నమాట. అందుకే నేను గ్రావెల్ సైకిల్ కొన్నానని చెప్పగానే తాడేపల్లిగూడెంలో మా బాబాయ్ పడీపడీ నవ్వాడు. "ఊరి చుట్టూ తారు రోడ్లు వేయించుకున్నది ఇందుకేంట్రా? డబ్బులు పెట్టి మరీ గతుకులు వెతుక్కుంటున్నావ్!"

సైకిల్ చూస్తే పెద్ద విశేషం కనబడదు. రేసు సైకిల్ లాగే వంగిన హ్యాండిల్, కాకపోతే టైరు లావు. నాది 40 మిల్లీమీటర్లు. లోపల ట్యూబు ఉండదు, సీలెంట్ అనే తెల్లటి ద్రవం ఉంటుంది. ముల్లు దిగితే ఆ ద్రవమే కన్నాన్ని పూడ్చేస్తుంది. సర్కారు తుమ్మ ముళ్ళున్న మన గట్ల మీద ఆ ఒక్క సౌకర్యానికే సగం డబ్బు గిట్టుబాటు.

ఈ పిచ్చి నాకు అంటింది ఇంగ్లండులో. ఆఫీసు పని మీద ఏడాదిపాటు ఆన్‌సైట్‌కి వెళ్ళినప్పుడు శనివారాలు ‘రిడ్జ్‌వే’ అనే పాత దారి మీద తొక్కేవాణ్ణి. మొత్తం 87 మైళ్ళు. పడమటి సగంలో సైకిల్‌కి అడ్డు లేదు. సున్నపురాయి నేల కావడంతో ఎండాకాలం తెల్లగా గట్టిగా ఉంటుంది, వాన పడితే సబ్బులా జారుతుంది. అటూ ఇటూ గోధుమ చేలు, గొర్రెలు, అక్కడక్కడా చెక్క గేటు. గేటు తీసి, దాటి, మళ్ళీ వేసి వెళ్ళిపోవడమే. ఎవరూ ఏమీ అనరు.

ఎందుకు అనరో తెలుసుకోడానికి నాకు కొంతకాలం పట్టింది. అది వాళ్ళ మంచితనం ఒక్కటే కాదు, చట్టం. గుర్రాలు నడిచే పాత బాటల్ని అక్కడ ‘బ్రైడిల్‌వే’ అంటారు. పొలం ఒక ఆసామిదే అయినా దాని మీదుగా పోయే హక్కు అందరిదీ. 1968లో వచ్చిన చట్టం ఆ బాటల్లోకి సైకిళ్ళనూ రానిచ్చింది, నడిచేవాళ్ళకీ గుర్రాలకీ దారి ఇవ్వాలన్న షరతుతో. ఆ బాటలన్నీ ప్రభుత్వ పటాల్లో ఆకుపచ్చ గీతలుగా ఉంటాయి. పటంలో గీత ఉంటే వెళ్ళొచ్చు, అంతే. సాఫ్ట్‌వేరు వాడిని కదా, ఆ సంగతి నాకు మహా నచ్చింది.

తిరిగొచ్చాక ఇంటి నుంచే ఉద్యోగం. వెతికితే మన ఊళ్ళోనే అంతకంటే మంచి దారి ఉంది. ఏలూరు కాలవ గట్టు.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాటన్ దొర కాలవలు తవ్వించింది సాగుకోసమే కాదు, పడవలకోసం కూడా. రైళ్ళకన్నా నీటి దారులే దేశానికి చవక అని ఆయన గట్టిగా వాదించిన మనిషి. గోదావరి నీళ్ళు నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరితే, అటునుంచి కృష్ణ కాలవ వచ్చి అక్కడ కలుస్తుంది. పడవలు లాకులు దాటుకుంటూ ఒక నది నుంచి ఇంకో నదికి పోయేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాక్కెళ్ళేవారు. పడవ లాగాలంటే గట్టు తెగకూడదు, ఎత్తుపల్లాలు ఉండకూడదు, మలుపులు మెల్లగా తిరగాలి. సైకిల్‌కి కావలసినవీ సరిగ్గా అవే! పడవలు పోయాయి, లారీలు వచ్చాయి. గట్టు మాత్రం చాలాచోట్ల అలాగే ఉంది.

గూడెం నుంచి ఏలూరు సుమారు 50 కిలోమీటర్లు. ఉంగుటూరు, కైకరం, పుళ్ళ, భీమడోలు. పక్కనే హైవే మీద లారీలు హోరెత్తుతుంటే మనం ఇటు కొబ్బరిచెట్ల నీడలో, రేవుల్లో బట్టలు ఉతికే చప్పుళ్ళ మధ్య పోతుంటాం. కొన్నిచోట్ల సిమెంటు రోడ్డు, కొన్నిచోట్ల గడ్డి, కొన్నిచోట్ల గట్టు మీదే ఇళ్ళు, ఆరబోసిన ధాన్యం. ధాన్యం ఉన్నచోట దిగి నడిపించుకుపోవాలి. అది ఎక్కడా రాసిలేదుగానీ, రాసి ఉండక్కర్లేదు కూడా.

ఇంతవరకూ హాయి. ఏలూరు దాటి దక్షిణానికి, గుడివాకలంక వైపు తిరిగితే సంగతి మారుతుంది.

కొల్లేరులో తొక్కాలంటే చేపల చెరువు గట్లే దిక్కు. నిజం చెప్పాలంటే నేను తొక్కినవాటిలో అంత బాగున్న దారి ఇంకోటి లేదు. రిడ్జ్‌వే కూడా దీని ముందు తక్కువే. ఎండిన నల్లరేగడి మీద టైరు చప్పుడే రాదు. రెండు పక్కలా నీళ్ళు, నీళ్ళ మధ్య వెదురు గెడలకు కట్టిన మేత సంచులు, వాటి చుట్టూ శీలావతి, బొచ్చెల కదలిక. సాయంత్రం పైరగాలి ఎదురొస్తే గంటకి పది కిలోమీటర్లు కూడా కష్టం. మధ్యమధ్యలో కోళ్ళ పెంట వాసన ముక్కు పగలగొడుతుంది, అది వేరే విషయం. వాన పడిందా, ఇంక అంతే. రేగడి టైరుకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుని చక్రం తిరగనే తిరగదు. సైకిల్ భుజాన వేసుకోవాల్సిందే.

కానీ ఆ గట్టు ఉన్నది ఎక్కడ? 1999లో కొల్లేటిని అయిదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఆ హద్దులోపల చెరువులు ఉండకూడదు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ప్రభుత్వమే గట్లు తెగ్గొట్టించింది. తరవాత చాలాచోట్ల మళ్ళీ లేచాయి. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు వచ్చిపడితే ఈ సరస్సే పట్టుకోవాలి, ఒక్క ఉప్పుటేరు మీదుగానే సముద్రానికి వదలాలి. దారిలో ఎన్ని గట్లుంటే నీళ్ళు అన్నాళ్ళు నిలుస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచాక ఆ నీళ్ళు దిగింది ఇక్కడికే.

అంటే నాకు అంత బాగా నచ్చిన దారి సరస్సు గొంతు మీద ఉంది.

ఒకసారి ఒక గట్టు మీద కాపలా మనిషి ఆపాడు. అరవై దాటి ఉంటాయి. కోప్పడలేదు.

"ఎక్కడినుంచండీ?"

"గూడెం నుంచండి. ఊరికే తిరగడానికి."

"ఇది రోడ్డు కాదండీ, చెరువు గట్టు. రాత్రిళ్ళు దొంగలొస్తారని కుక్కల్ని వదులుతాం. మీరేమో లైటేసుకుని వస్తారు, మాకేం తెలుత్తాది?"

ఆయన పాకలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాడు. గట్లు తెగ్గొట్టిన ఏడు గురించి అడిగాను. అంతకుముందు ఏడాదికి చెరువులో వాటా సొమ్ము వచ్చేదట. గట్టు పోయాక పిల్లలు పనికి వేరే ఊళ్ళు పోయారట. "సరస్సు బాగుండాలండీ, కాదంటానా? మేమూ బాగుండాలి గదా" అని సైకిల్ వైపు చూసి ఎంతయిందని అడిగాడు. నేను సగం ధర చెప్పాను. దానికే నోరు వెళ్ళబెట్టాడు.

ఆ గట్టు నా ఫోన్లో గీతగా ఉంది. సైకిల్ స్నేహితులు ఆ ఫైలు పంపమని ఎప్పట్నుంచో అడుగుతున్నారు. కాలవ గట్టుది అందరికీ పంపాను, కావాలంటే మీకూ పంపుతాను. అది ప్రజల సొమ్ముతో కట్టిన గట్టు, దాని మీద ఎంతమంది తిరిగితే కబ్జాలు అంత తగ్గుతాయని నా నమ్మకం. కొల్లేటి చెరువు గట్లది మాత్రం పంపలేదు. ఇంగ్లండులో పటం మీద గీత అంటే హక్కు. ఇక్కడ నేను గీసే గీత ఎవరికీ ఏ హక్కూ ఇవ్వదు. ఆదివారం పూట పాతికమంది హెల్మెట్లతో దిగితే సమాధానం చెప్పుకోవాల్సింది ఆ కాపలా ముసలాయన. ఉండకూడని చెరువుకి నేను పర్యాటక దారి అని ముద్ర వేసినట్టూ అవుతుంది. స్నేహితులు దీన్ని చాదస్తం అంటున్నారు. అననీ.

కొల్లేరు చూడాలనుకుంటే చూడ్డానికి వేరే మార్గం ఉంది. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు పట్టుకోండి, తారు రోడ్డే, పరవాలేదు. డిసెంబరు, జనవరి అయితే మేలు. కైకలూరు పక్కనే ఆటపాక పక్షుల కేంద్రం. సైకిల్ బయట పెట్టి లోపల గట్టు మీద నడవండి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళ మీద ఉంటాయి. ఓపిక ఉంటే కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడిదాకా కూడా వెళ్ళొచ్చు. పొద్దున్నే బయల్దేరండి, నీళ్ళు రెండు లీటర్లయినా పెట్టుకోండి. మధ్యాహ్నం దాటితే గాలి ఎదురు తిరుగుతుంది.