మాకు ‘భ’ అక్షరం నేర్పిన దయ్యం

ఈ తూరి రాసేది రవంత పొడుగు. పడుకునే ముందర చదవొద్దని కూడా చెప్పమని మా ఇంట్లోవాళ్లు అనిరి, చెప్పేస్తా ఉండాము.

మొన్న ఉగాదికి మన సంఘంలో పిల్లోళ్లు పెద్దోళ్లనంతా వరసగా కూర్చోబెట్టి ఒక మాట అడిగిరి. “మీరంతా తమిళ బడిలో చదివినోళ్లు కదా, తెలుగు చదివేది ఏ పుస్తకంతో నేర్చుకున్నారు?” అని. ఒకాయన పెద్ద బాలశిక్ష అన్నాడు. ఒకామె వాళ్ల అవ్వ నేర్పిన భాగవత పద్యాలు అన్నది. మా వంతు వచ్చినప్పుడు మేము వేమన అంటిమి. అందరూ చప్పట్లు కొట్టిరి.

అది అబద్ధం. మాకు తెలుగు చదివేది నేర్పింది యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. కాష్మోరా అనే దయ్యం.

మేము చదివింది పదకొండో క్లాసు దాకా హోసూరులో, తమిళంలో. ఇంట్లో తెలుగు, బజారులో మూడు భాషలు, బడిలో తమిళం. తెలుగు మాట్లాడేది వస్తుంది గానీ అక్షరం ఒకటీ రాదు. రైల్వేలో గుమాస్తా పని దొరికింది 1981లో. అప్పుడు మనది మీటరు గేజి. బెంగళూరు నుంచి సేలం పోయే బండిలో ఒక గార్డు ఉండె, నెల్లూరు పక్క మనిషి. ఆయన చదివి పారేసిన ఆంధ్రభూమి వారపత్రికలు మా బుకింగు కిటికీలో పడేసి పోతా ఉండె. అందులోనిదీ, వాళ్లింట్లో కత్తిరించి కుట్టి పెట్టుకొనిందీ ఈ సీరియలు. “చదవండప్పా, నిద్ర పట్టదు” అన్నాడు. నైటు డ్యూటీ వాళ్లకు నిద్ర పట్టకుండా ఉండడమే కదా కావాల్సింది.

ఎట్లా చదివేది? మాకు కన్నడ బస్సు బోర్డులు వచ్చు. హోసూరులో పుట్టినోళ్లకు అది ఎవరూ నేర్పే పని లేదు, అత్తిబెలె దాటితే అంతా కన్నడమే. కన్నడ అక్షరానికీ తెలుగు అక్షరానికీ అక్కచెల్లెళ్ల పోలిక. తలకాయ మీద గీత తేడా, అంతే. ఆ దారిలో ముక్కాలు భాగం దాటేస్తిమి. చిక్కంతా ఒత్తక్షరాలతో. తమిళంలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకే అక్షరం. అందువల్ల మొదటి నెల అంతా మేము ‘భయం’ను ‘పయం’ అనే చదివితిమి. తమిళంలో కూడా అదే మాట కాబట్టి తప్పని కూడా తోచలేదు. ‘భూతం’ పూదం ఆయె. ఆ ‘భ’ను ఊపిరి వదిలి పలకాలని మా అవ్వ చెప్పింది. అవ్వకు చదువు రాదు, కానీ చెవి ఉండె. ‘కాష్మోరా’లో ఆ ‘ష్మో’ దగ్గర మేము ఒక రాత్రి అర్ధగంట నిలబడిపోతిమి. సేలం బండి వచ్చి పోయింది.

తెలియనోళ్లకు కత రెండు మాటల్లో. తులసి అని చిన్న పాప. ఆ పాప పోతే లాభపడేవాళ్లు కాద్రా అనే క్షుద్ర మాంత్రికుణ్ణి పట్టుకొని ఆమె మీద ప్రయోగం చేయిస్తారు. పాప చిక్కిపోతా ఉంటే ఒక పక్క డాక్టర్లు, ఇంకో పక్క మంత్రం తెలిసినవాళ్లు పోరాడతారు. ఎవరి వల్ల బతికిందో రచయిత తేల్చి చెప్పడు. అమెరికాలో బ్లాటీ అనే ఆయన 1971లో ‘ది ఎక్సార్సిస్ట్’ రాసినాడు, 1973లో సినిమా వచ్చింది. ఆ గాలి అట్లా తిరిగి మన దాకా వచ్చిందని పెద్దోళ్లు అంటారు. మేము ఆ సినిమా చూసింది ఎన్నో ఏండ్ల తరవాత, వీడియో క్యాసెట్టులో. అందులో తల వెనక్కి తిరిగేది చూసి అందరూ అరిస్తే, మాకు వణుకు పుట్టింది వేరే చోట. ఆ పిల్లను ఆస్పత్రిలో బల్లమీద కట్టి మెడలో సూది గుచ్చి ఫోటోలు తీస్తారే, అక్కడ. ఎందుకో కింద చెప్తాము.

దయ్యం సినిమాలకు హోసూరు మంచి ఊరు. మూడు భాషల దయ్యాలూ ఇక్కడికే వస్తుండె. టెంటు కొట్టాయిలో ఇసుక మీద కూర్చొని ‘నా నిన్న బిడలారె’ చూస్తిమి, 1979 కన్నడ సినిమా, అనంతనాగ్, లక్ష్మి. మంత్రాలయం రాఘవేంద్రస్వామి కాపాడతాడని తెలిసినా, ఇంటికి వచ్చే దారిలో చింతచెట్టు కింద పరుగెత్తితిమి. తమిళంలో ‘యార్’, ‘పిళ్ళై నిలా’, ‘మై డియర్ లీసా’. తెలుగులో ‘కాష్మోరా’ సినిమా 1986లో వస్తే కుటుంబంతో పోతిమి. రాజేంద్రప్రసాద్, రాజశేఖర్, భానుప్రియ. మాకు నచ్చలేదు. కాగితం మీద కొండంత ఉన్న కాష్మోరా తెర మీద ఒక మనిషంత ఆయె. కనిపించిన దయ్యానికి సగం బలం పోతుంది.

మా మట్టుకు తెలుగులో దయ్యం సినిమా అంటే రాంగోపాల్ వర్మ ‘రాత్రి’. 1992. ఆ కాలంలో ఆడలేదు, ఇప్పటి పిల్లోళ్లు వెతుక్కొని చూస్తా ఉండారు. రేవతి మొహం ఒక్కటి చాలు. కెమెరానే దయ్యం మాదిరి నేల మీద పాకుతా వస్తుంది. ఈ ఉపాయం సామ్ రైమి అనే కుర్రవాడు 1981లో ‘ఈవిల్ డెడ్’కు చేసినాడు, చేతిలో దుడ్డు లేక, కెమెరాను కొయ్యపలకకు బిగించి ఇద్దరు మనుషులు పట్టుకొని అడవిలో పరుగెత్తిరంట. మనవడు ఇప్పుడు ‘మసూద’, ‘మా ఊరి పొలిమేర’ చూపిస్తా ఉంటాడు. పొలిమేర బాగా తీసిరి, మలుపులకు మేమూ నోరు తెరిస్తిమి. అయినా చేతబడి అనే మాట వినపడితే మాకు సినిమా మీద మనసు నిలవదు. ఎడమచేతి మణికట్టు ఒకటి కండ్ల ముందరికి వస్తుంది.

అది మా అక్క కూతురి చెయ్యి. పేరు రాయము, పాప అని అందాము. ఇప్పుడు యాభై దాటింది, అయినా పాపే.

అక్కను రాయకోట పక్క ఒక పల్లెకు ఇచ్చి ఉంటిమి. బావ సంపాదనకు బయట తిరిగే మనిషి, అందుకని అక్క, పాప ముక్కాలు కాలం మా ఇంట్లోనే. రాత్రి అన్నాలు అయినాక మేము సీరియలు గట్టిగా చదివేది, అవ్వ, అక్క, పక్కింటి ఇద్దరు ఆడోళ్లు వినేది. మేము అంత గొప్పగా ఎప్పుడూ ఫీల్ కాలేదు. తమిళ బడి పిల్లోడు తెలుగు పుస్తకం చదివి వినిపిస్తా ఉండాడని వీధంతా అనుకొనె.

మా తెలుగు ఎట్లాంటిదంటే, దయ్యం పేజీలు గడగడా వస్తాయి, డాక్టర్ల పేజీలు రావు. ఆ రోగాల పేర్లు, హిప్నాటిజం సంగతులు, తెలుగు అక్షరాల్లో పొడుగు పొడుగు ఇంగ్లీషు మాటలు. నాలుక తిరగదు. నలుగురి ముందర తడబడితే సిగ్గు. అందుకని మేము ఆ పేజీలు దాటేస్తా ఉంటిమి. “ఇక్కడ డాక్టరు ఏందో చెప్తాడు, ముఖ్యం కాదు” అని మళ్లీ కాద్రా దగ్గరికి వస్తా ఉంటిమి. రచయిత రెండు తట్టల తక్కెడ ఇచ్చినాడు. మేము ఒక తట్ట తీసేసి మా అక్కకు ఇస్తిమి.

పాపకు ఏడేండ్లు. ఒక సాయంకాలం గడప మీద కూర్చొని ఉండగానే బిగుసుకుపోయింది. కండ్లు పైకి, నోట నురగ. రెండు నిమిషాలు ఉంటుందేమో. లేచి నీళ్లు అడిగింది. వారం తిరక్కుండా మళ్లీ. అక్క మా మొహం చూసి ఒకటే మాట అన్నది. “ఇది అదే రా.”

మేము కాదు అనలేదు. ఇరవైరెండేండ్ల మనిషిమి, రైల్వే ఉద్యోగం, నలుగురు మాట వింటారు. కాదు అనలేదు ఎందుకంటే మేమూ నమ్మితిమి. ఇన్ని రాత్రులు నోటితో చదివిన మాట మా లోపలికి కూడా పోయింది.

ఒక ఊర్లో ఒక మంత్రగాని దగ్గరికి పోతిమి. ఊరి పేరు, మనిషి పేరు వద్దు. నిమ్మకాయలు, మిరపకాయల పొగ, వేపమండలు. మూడో తూరి, ఎవరు పంపిరో చెప్పమని పాపను అడిగి, చెప్పలేదని ఎడమచేతి మణికట్టు మీద సూది కాల్చి వాత పెట్టినాడు. పాపను పట్టుకొనింది మేమే. రెండు నెలలు అట్లా పోయె. ఒక రాత్రి వచ్చింది ఆగలేదు. ఒకటి ముగిసేలోపల ఇంకొకటి. స్టేషను మాస్టరు పుణ్యాత్ముడు, బెంగళూరు పోయే లారీ ఒకటి ఆపించి ఎక్కించినాడు.

నిమ్హాన్స్‌లో తలకాయకు తీగలు అంటించి కాగితం మీద గీతలు తీసిరి. ఆ గీతల మిషను ముందర పాప చిన్న బొమ్మ మాదిరి కూర్చొని ఉండె. ఎక్సార్సిస్ట్ ఆస్పత్రి సీనులో మేము కండ్లు మూసుకొనేది ఇందుకే. డాక్టరమ్మ కన్నడంలో అడిగింది, ఎన్ని దినాలైందని. రెండు నెలలు అంటిమి. మణికట్టు తిప్పి చూసింది. ఇంకేమీ అడగలేదు. తిట్టి ఉంటే బాగుండె. గార్డినాల్ మాత్రలు రాసిచ్చింది, ఒక్క పూట కూడా మానొద్దని మూడు తూర్లు చెప్పింది. నెలకు రెండు రూపాయల లోపల మాత్రలు. పాపకు అంతటితో తగ్గు ముఖం పట్టింది గానీ ఆ రాత్రి తరవాత ఎడమచేతి పట్టు రవంత తగ్గిపోయె. బిందె ఎత్తలేదు.

రంగనాయకమ్మ ఆ నవల మీద ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని విమర్శ రాసింది. ఆ గొడవ పరువునష్టం దావా దాకా పోయింది. మేము అది చదివింది పదేండ్ల తరవాత. చదువుతా ఉంటే చెంప మీద కొట్టినట్లు ఉండె. ఆమె చెప్పినదాంట్లో ముక్కాలు భాగం ఒప్పుకుంటాము. మిగిలిన కాలు భాగం దగ్గర ఆగిపోతాము, ఎందుకంటే ఆ నవల లేకపోతే ఆమె రాసిన విమర్శ చదివే తెలుగు కూడా మాకు వచ్చి ఉండదు. దాన్ని ఏమి చేసేది?

ఇంకొక సంగతి. ఆ గార్డే మాకు చలం ‘మైదానం’ కూడా ఇచ్చినాడు. 1927 నాటి పుస్తకం. ప్లీడరు పెండ్లాము రాజేశ్వరి ఇల్లు వదిలి అమీర్‌తో వెళ్లిపోయే కత. అది మేము ఇంటికి తీసుకుపోలేదు. అట్ట టికెట్ల అలమర వెనకాల దాచిపెట్టి చదివితిమి. పాపను చంపే మంత్రగాని కత అవ్వ ముందర గట్టిగా చదవొచ్చు, ఇష్టపడి వెళ్లిపోయిన ఆడమనిషి కత దాచుకోవాలి. అప్పుడు ఇందులో తమాషా ఏమీ తోచలేదు. మా ఇంట్లో మైదానం వల్ల ఎవరికీ వాత పడలేదు.

ఆ చలం 1950 నుంచి 1979లో పోయే దాకా తిరువణ్ణామలైలోనే ఉండినాడు. మేము చిన్నప్పటి నుంచి క్రిష్ణగిరి పోయి, అక్కడ బస్సు మారి, ఊత్తంగరై, చెంగం మీదుగా దీపానికి పోతా ఉంటిమి. (క్రిష్ణగిరికి రైలు ఈ పొద్దుటికీ లేదు, జిల్లా అయి ఇరవై ఏండ్లు దాటినా.) ఆయన ఇంటి ముందరే నడిచి ఉంటామో ఏమో. తమిళ బడి పిల్లోళ్లం, ఆయన పేరు కూడా వినలేదు.

అక్క పోయి నాలుగేండ్లు. పోయే దాకా తన తప్పే అనుకొనింది. “నాకు బుద్ధి లేకపోయె రా” అంటా ఉండె. పేజీలు దాటేసిన సంగతి మేము ఆమెకు చెప్పలేదు. ఉగాది రోజు వేమన అన్నది కూడా అందుకే. తులసిదళం అని చెప్తే తరవాతి ప్రశ్న వస్తుంది కదా.

ఉగాది అయిన మరుసటి ఆదివారం పాప ఇంటికి పోయి చెప్పేస్తిమి. విని కొంచెంసేపు కొళాయి దగ్గర గిన్నెలు కడుగుతానే ఉండె. తరవాత, “ఆ పుస్తకం ఉండాదా మామా?” అన్నది. ఆమెదీ తమిళ బడే, తెలుగు అక్షరాలు రావు. బెంగళూరులో కొత్త ముద్రణ ఒకటి కొని తెచ్చితిమి. ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం పోయి చదివి వినిపిస్తా ఉండాము. డాక్టర్ల పేజీలు కూడా. ఇప్పటికీ ఆ మాటల దగ్గర నాలుక తడబడుతుంది. దయ్యం పేజీల్లో పాప నవ్వుతుంది, “దీనికా మీరంతా అట్లా భయపడింది?” అంటుంది. ‘భ’ సరిగ్గా పలుకుతుంది, మా అవ్వ మాదిరి.

పోయిన వారం ఒక డాక్టరు పెద్ద పేజీ మాట్లాడతా ఉంటే మేము ఊపిరి తీసుకునేదానికి ఆగితిమి. పాప రెండు గంటల మాత్ర నోట్లో వేసుకొని, నీళ్లు తాగి, ఎడమచేత్తోనే గ్లాసు కింద పెట్టి, “దాటేస్తా ఉండావా మామా?” అన్నది.

లేదమ్మా అని మళ్లీ ఆ లైను మొదటి నుంచి చదివితిమి.