ఫొటోలో ఉన్నవాళ్ల చేతికే ఫొటో

మెహిదీపట్నం దాటి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద దారి పడితే ఇక చిరునామా అంటే పిల్లర్ నంబరే. 2009 అక్టోబరులో తెరిచిన ఈ 11.6 కిలోమీటర్ల వంతెన శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లేవాళ్లను పైనుంచే తీసుకెళ్లి ఆరాంఘర్‌లో దించేస్తుంది. కింద అత్తాపూర్ తన పనిలో తానుంటుంది. టిఫిన్ సెంటర్లు, ఫర్నిచర్ దుకాణాలు, ఫంక్షన్ హాళ్లు, ఆ హాళ్లను నమ్ముకుని బతికే పూలకొట్లు, డెకరేషన్ గోడౌన్లు, ఫొటో స్టూడియోలు. వాటిలో ఒక స్టూడియోకు వెళ్లాను. పిల్లర్ల వరస నుంచి లోపలికి తిరిగిన సందులో, మొదటి అంతస్తులో ఉంది. పెళ్లి ఫొటోల పనిలో ట్యాబ్ నిజంగా ఏ మేరకు అక్కరకొస్తోందో దగ్గర కూర్చుని చూడాలన్నది నా కోరిక.

యజమాని షాద్‌నగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. రీల్ కెమెరా కాలంలో పని నేర్చుకున్న మనిషి. పేరు రాయొద్దన్నారు, పని చూసి రాయమన్నారు. ముందు గదిలో గోడకు ఆల్బమ్ నమూనాలు, ఒక పక్క చిన్నపిల్లల ఫొటోలకు తెల్లటి తెర, రెండు లైట్లు. లోపలి గదిలో డిజైనర్లు కూర్చునే కంప్యూటర్లు. కంప్యూటర్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ట్యాబ్‌లు మాత్రం ఒకచోట నిలవవు. హాలుకు వెళ్తాయి, కస్టమర్ ఇంటికి వెళ్తాయి, మళ్లీ ఇక్కడికొస్తాయి. ఈ స్టూడియో పనంతా ఆ తిరుగుడులోనే ఉందని సాయంత్రానికి నాకు అర్థమైంది.

నేను వెళ్లేసరికి ముందురోజు రాత్రి లగ్గం తీసిన కుర్రాళ్లిద్దరు నిద్రకళ్లతోనే వచ్చారు. శంషాబాద్ పక్కన ఒక కన్వెన్షన్ హాలులో పెళ్లి. ఎదురుకోళ్ల నుంచి అప్పగింతల దాకా తీసినవి దాదాపు నాలుగు వేల ఫొటోలు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో రా ఫైలు సుమారు 25 ఎంబీ ఉంటుంది. అంటే ఒక్క రాత్రికి 100 జీబీ. ఇదంతా తపాలా బిళ్లంత మెమరీ కార్డుల్లో ఉంటుంది. కార్డు పోయినా, చెడినా ఆ పెళ్లి మళ్లీ జరగదు. అందుకే హాలులోనే, భోజనాల విరామంలో, కార్డును ట్యాబ్‌కు తగిలించి అక్కడి నుంచి చిన్న ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేసేస్తారు. "ల్యాప్‌టాప్ తెరుద్దామంటే మండపం దగ్గర బల్ల ఉండదు, ప్లగ్గు దొరకదు సార్. ట్యాబైతే ఒళ్లో పెట్టుకుని కానిచ్చేస్తం" అన్నాడు చిన్నవాడు.

ఇది మొదటి నుంచీ ఉన్న సదుపాయం కాదు. 2010లో తొలి ఐప్యాడ్ వచ్చినప్పుడు కార్డులోని ఫొటోలు ఎక్కించుకోవడానికి విడిగా ఒక కిట్ కొనుక్కోవాల్సి వచ్చేది. ఎక్కించుకున్నవాటిని బయటి డిస్కులోకి పంపే దారి లేదు. 2018లో ఐప్యాడ్ ప్రోకు యూఎస్‌బీ-సీ పోర్టు వచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ బయటి డిస్కులను నేరుగా చదవనిచ్చింది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు ఈ విషయంలో అంతకుముందు నుంచే కాస్త వెసులుబాటు ఇచ్చాయి. పోర్టు ఒక్కటే ఉంటుంది కాబట్టి ఛార్జింగుకూ, కార్డుకూ, డిస్కుకూ కలిపి ఒక హబ్ ఉండాలి. ఆ హబ్ సంచీలో ఉందో లేదో చూసుకున్నాకే ఇక్కడివాళ్లు బండి ఎక్కుతారు.

స్టూడియోకు వచ్చాక మూడో కాపీ. అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది. ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే చోట. ఇక్కడ ఆ వేరే చోటు యజమాని ఇల్లు. ఇంట్లో బీరువాలో బట్టల మధ్య హార్డ్‌డిస్కులు పెడతారు. ఒక్కోదాని మీద పెళ్లి తేదీ, ఊరు రాసిన కాగితం అంటించి ఉంటుంది.

తర్వాత ఏరివేత. నాలుగు వేల రా ఫైళ్లను ట్యాబ్‌లో పోయనక్కర్లేదు. కంప్యూటర్‌లోని లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫొటోకూ పొడుగు వైపు 2560 పిక్సెళ్లుండే చిన్న ప్రతిని తయారు చేసి పంపుతుంది. అసలు ఫైలు డిస్కులోనే ఉంటుంది. ఫొటో మంచిచెడులకు గుర్తుగా ట్యాబ్‌లో పెట్టిన నక్షత్రాలూ, మార్చిన రంగులూ తిరిగి వెళ్లి అసలు ఫైలుకు అంటుకుంటాయి. రాత్రంతా నిలబడి తీసిన కుర్రాడు గోడకు ఆనుకుని కూర్చుని, వేలితో ఒక్కో ఫొటోనూ పక్కకు జరుపుతూ, బొటనవేలితో నక్షత్రాలు వేసుకుంటూ పోయాడు. కళ్లు మూసుకున్నవి, ఫోకస్ తప్పినవి, ఎవరో అడ్డొచ్చినవి వెనక్కి పోతాయి. తీసినవాడే ఏరడం ఇక్కడి పద్ధతి. ఎక్కడ ఏం జరిగిందో వాడికే గుర్తుంటుందని యజమాని నమ్మకం.

మధ్యాహ్నం దాటాక ఇంకో కుటుంబం వచ్చింది. పెళ్లయి రెండు నెలలు. పెళ్లికూతురి తల్లి, తమ్ముడు, అమ్మమ్మ వచ్చారు, ఆల్బమ్ సెలెక్షన్‌కు. ఈ వ్యాపారంలో అందరూ ఎక్కువగా చెప్పుకునే బాధ ఈ సెలెక్షనే. పెన్‌డ్రైవ్‌లో వేల ఫొటోలు ఇచ్చి నంబర్లు రాసి పంపమంటే ఏ ఇంట్లోనూ తొందరగా తెమలదు. పెళ్లికొడుకు డ్యూటీకి పోతాడు, కంప్యూటర్ ఉన్న పిల్లవాడు హాస్టల్‌లో ఉంటాడు, పెద్దవాళ్లకు పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టాలో తెలియదు. నెలలు గడుస్తాయి. ఆల్బమ్ రాదు, స్టూడియోకు బాకీ రాదు. ఒక్కోసారి బిడ్డ పుట్టి బారసాల అయ్యాక పెళ్లి ఆల్బమ్ అచ్చుకు వెళ్తుందట.

ట్యాబ్‌ను బల్ల మీద పెట్టి యజమాని పక్కకు జరిగారు. అందులో ఆ కుటుంబం ఫొటోలు తప్ప ఇంకేమీ తెరుచుకోకుండా తాళం వేసి ఇచ్చారు. అమ్మమ్మ మొదట ముట్టలేదు. మనవడు చూపించాడు: "అమ్మమ్మా, గిట్ల రెండు వేళ్లు పెట్టి జరుపు, పెద్దగైతది." ఆమె జరిపింది. మైలపోలు, పోచమ్మ బోనం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు దాటి అప్పగింతల దగ్గరికి వచ్చింది. ఒక ఫొటో దగ్గర ఆగి, పెద్దది చేసి, కళ్లజోడు సవరించుకుంది. ఫొటో మధ్యలో పెళ్లికూతురు. ఎడమ మూల సగం తెగిపోయి, కొంగుతో కళ్లొత్తుకుంటున్న ఒక పెద్దావిడ.

"ఆగు బిడ్డా, గీ మూలకున్నది మా చెల్లె గదా."

"అమ్మా, ఇందుల బిడ్డ కండ్లు మూసుకున్నది. దీని పక్కది బాగుంది సూడుండ్రి" అన్నారు యజమాని.

"మూసుకుంటె మూసుకోని. లగ్గంల దాని ఫొటో ఇదొక్కటే. ఇది పెట్టుండ్రి."

ఆ ఫొటోకు కుర్రాడు వేసింది ఒకే నక్షత్రం. వాడి తప్పేమీ లేదు. వాడు వెలుతురూ, ఫోకసూ, కళ్లూ చూశాడు. ఆ మూలలో ఉన్నది ఎవరో వాడికెలా తెలుస్తుంది? డిజైనర్ వెంటనే అసలు ఫైలు తెరిచి, తెగిన వైపు ఎంత మిగిలిందో చూసి, ఆ పెద్దావిడ ముఖం ఆల్బమ్ షీటు మడతలో పడకుండా చోటు మార్చాడు. 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పున్న షీటులో మడత ఎక్కడ పడుతుందో చూసుకోవడం డిజైనర్ పనిలో సగం. రెండు నెలలుగా కదలని సెలెక్షన్ ఆ ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చునేసరికి సాయంత్రం లోపు తేలిపోయింది.

ఫొటో ఎవరికి అందాలన్న విషయంలో హైదరాబాద్‌కు పాత చరిత్రే ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద ఈ నగరాన్నీ, దాని మనుషుల్నీ తీశారు. 1892లో ఇక్కడ పరదా పాటించే స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. మగ ఫొటోగ్రాఫర్ ముందుకు రాలేని వాళ్లకూ ఫొటో అందాలన్న ఆలోచన అది. గాజు పలక పోయి రీల్ వచ్చింది, రీల్ పోయి కార్డు వచ్చింది. అయినా మొన్నమొన్నటి దాకా ఏ ఫొటో మిగలాలో తేల్చేది స్టూడియో లోపలి గదే. ఆ నిర్ణయం ఇప్పుడు ముందు గదిలోకి, అమ్మమ్మ వేలి కిందికి వచ్చింది. ట్యాబ్ చేసిన పెద్ద మేలు ఇదేనని నా అభిప్రాయం.

దిద్దుబాటు పనిలో ట్యాబ్ పెన్ను ఎలా నడుస్తుందో కూడా చూశాను. ఇప్పటి హాళ్లలో ఎల్‌ఈడీ లైట్లు ఊదా, నీలం రంగులు చిమ్ముతాయి. పసుపు రాసిన పెళ్లికూతురి ముఖం మీద ఆ ఊదా పడితే చర్మం రంగు పాడవుతుంది. మొత్తం ఫొటోకు రంగు మారిస్తే పసుపు కూడా పోతుంది. డిజైనర్ పెన్నుతో చెంప మీద, మెడ పక్కన ఊదా పడిన మేర మాత్రమే పూత పూసి, అక్కడికే ఆ రంగు తగ్గించాడు. పసుపు పసుపుగానే నిలిచింది. ఇలా దిద్దాలంటే రా ఫైలు ఉండాలి. జేపెగ్‌లో అంత సమాచారం మిగలదు. ఒకప్పుడు ఈ పెన్ను పని అంటే బల్ల మీద నల్లటి వాకమ్ పలక మీద గీస్తూ మానిటర్ వైపు చూడటమే. 2015లో ఆపిల్ పెన్సిల్ వచ్చాక, శాంసంగ్ ట్యాబ్‌లకు ఎస్ పెన్ బాగా కుదిరాక, ఫొటో మీదే చెయ్యి పెట్టి దిద్దడం మామూలైంది.

పరిమితులూ తక్కువేం లేవు. ట్యాబ్ తెర బాగా వెలుగుతుంది కాబట్టి అందులో మెరిసిన ఫొటో షీటు మీద నల్లబడి వస్తుంది. అందుకే ఇక్కడ దిద్దేటప్పుడు వెలుతురు సగానికి దించుతారు. గది కాంతిని బట్టి తెల్లరంగును మార్చే ట్రూ టోన్‌ను, రాత్రిపూట తెరను పసుపుపచ్చగా చేసే నైట్ షిఫ్ట్‌ను ఆపేస్తారు. ఆఖరి రంగు మాత్రం సరిచూసిన మానిటర్ మీదే ఖాయం చేసి ల్యాబ్‌కు పంపుతారు. ఇక ఎండ. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపే వాడమని కంపెనీ చెబుతుంది. మన మే నెల ఎండలో ఆరుబయట మండపం దగ్గర పెడితే తెర దానంతటదే మసకబారుతుంది, ఛార్జింగు ఆగుతుంది. వేసవి పెళ్లిళ్లకు దాన్ని సంచీలో, నీడలో ఉంచి, కాపీ చేయాల్సినప్పుడే బయటికి తీస్తారు.

శంషాబాద్ వైపు పెళ్లిళ్లు తీసే ఫొటోగ్రాఫర్‌కు ట్యాబ్ ఇంకో పనికీ కావాలి. పెళ్లివాళ్లు డ్రోన్ అడుగుతారు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం విమానాశ్రయం ప్రహరీ నుంచి 5, 8 కిలోమీటర్ల మధ్య నేల మీది నుంచే యెల్లో జోన్. అక్కడ ఎగరేయాలంటే విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీ అనుమతి తప్పనిసరి. 8, 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటితే అదే కట్టుబాటు. అడ్వాన్స్ తీసుకునే ముందే ఈ జోన్లను చూపే డిజిటల్ స్కై పటం ట్యాబ్‌లో తెరిచి, హాలు ఎక్కడ పడుతుందో కస్టమర్‌కు చూపిస్తారు ఈ యజమాని. "నోటితో చెప్తే బేరానికి చెప్తున్నమనుకుంటరు సార్. పటం చూపిస్తే ఒప్పుకుంటరు" అన్నారు.

ఒక విషయం నన్ను బాధపెట్టింది. పెన్ను చేతికొచ్చాక ముఖాన్ని తెల్లగా చేయడం కూడా వేలితో రాసినంత తేలికైంది. పెళ్లికూతురి రంగు రెండు మెట్లు పెంచమని అడిగే కుటుంబాలు చాలానే ఉన్నాయట. లైటు వల్ల పాడైన రంగును సరిచేయడం వేరు, పుట్టుకతో వచ్చిన రంగును చెరపడం వేరు. ఈ స్టూడియోలో అలా అడిగినవాళ్లకు ట్యాబ్‌లో రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తారు. అసలు ముఖం ఒకటి, సున్నం కొట్టిన ముఖం ఒకటి. ఎక్కువమంది అసలుదే ఎంచుకుంటారని యజమాని చెప్పారు. అమ్మాయి పక్కనే ఉంటే ఆ అమ్మాయే ఎంచుకుంటుందట. తన ముఖం గురించి తాను మాట చెప్పే అవకాశం ఆమెకు ఇవ్వడం ఫొటోగ్రాఫర్ ధర్మమని నేననుకుంటాను.

కెమెరా చేసే పనిని ట్యాబ్ చేయలేదు, మానిటర్ చేసే పనినీ పూర్తిగా చేయలేదు. ఆ రెంటి మధ్య ఇన్నాళ్లూ మూతపడి ఉన్న తలుపును అది తెరిచింది. స్టూడియో నడిపేవాళ్లకు నా మనవి: ట్యాబ్‌ను కస్టమర్‌కు చూపించి వెనక్కి తీసుకోకండి, వాళ్ల చేతిలో పెట్టి కాసేపు ఊరుకోండి. ఒక కుటుంబం ఫొటోలు ఇంకో కుటుంబం కంటపడకుండా తాళం మాత్రం మరవకండి. పెళ్లి చేస్తున్నవాళ్లకు ఇంకో మాట: అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే ఫొటోలు ఎన్ని చోట్ల దాస్తారో అడగండి. పెళ్లయిన నెల తిరగకముందే ఒక ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లందరినీ కూర్చోబెట్టి సెలెక్షన్ ముగించండి. మూలల్లో ఉన్నవాళ్లను గుర్తుపట్టగలిగేది వాళ్లే.